పొగ పట్టిన ద్రాక్ష

కాలిఫోర్నియాలో 2020 ఆగస్టు, సెప్టెంబరుల్లో కార్చిచ్చులు రేగాయి. నాపా లోయలో తమ తోటలు కాలకపోయినా చాలామంది ఆ ఏడాది ఎర్ర వైన్ చేయడమే మానుకున్నారు. ఎందుకంటారా? పొగ ద్రాక్ష తొక్కలోకి దిగుతుంది. తెల్ల వైన్‌కి రసం పిండి తొక్క తీసేస్తారు. ఎర్ర వైన్‌కి రంగు, వగరు రావాలంటే తొక్కతోనే పులియబెట్టాలి. పండులో చక్కెరతో కలిసి దాక్కున్న పొగ అప్పుడు బయటపడుతుంది. పొగచూరిన పాలు మళ్ళీ కాస్తే వాసన పోతుందా? తొక్క త్వరగా తీసేస్తే పొగ తగ్గుతుంది, రంగూ తగ్గుతుంది.

పేరున్న కంపెనీ ఒక ఏడాది సరుకు వదులుకుని పరువు నిలుపుకోగలదు. పండు అమ్ముకుని బతికే రైతు ఏం చేస్తాడు? పక్కనే సొనోమాలో, జనాన్ని ఖాళీ చేయించిన చోట్లకీ వెళ్ళి పొగలో పళ్ళు కోసిన కూలీల మాటేమిటి? 2020 వైన్ రుచి గురించి రాసేవాళ్ళు ఆ కూలీల ఊపిరితిత్తుల గురించీ రాయాలంటాను నేను.