ఒక్క వైరు ఎక్కువైతే... ఇంట్లో నెట్‌ బంద్‌!

నెట్‌వర్క్‌ సపోర్ట్‌ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. ‘కస్టమర్‌ ఇంట్లో వైఫై సిగ్నల్‌ నిండుగా ఉంది, నెట్‌ మాత్రం రావడం లేదు. ఏం చేస్తారు?’ అని అడిగారు. ఎవరైనా ఠక్కున చెప్పే జవాబు, ‘రూటర్‌ రీస్టార్ట్‌ చేయమంటాను సార్‌’. అవతలి నుంచి వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. ‘చేశారు. రెండు మూడు నిమిషాలు బాగానే వచ్చింది, మళ్లీ పోయింది. ఇప్పుడు?’

తడబాటు మొదలయ్యేది ఇక్కడే. మెష్‌ వైఫై ఉన్న ఇంట్లో ఈ లక్షణం కనిపిస్తే మొదట అనుమానించాల్సింది కంపెనీ లైనును కాదు, ఇంట్లోనే ఉన్న నెట్‌వర్క్‌ లూప్‌ను. కారణం తరచూ అవసరానికి మించి గుచ్చిన ఒకే ఒక్క వైరు!

ఇప్పుడే ఎందుకు?

ఒకప్పుడు ఇంటికి ఒక రూటర్‌ ఉండేది. గది దాటితే సిగ్నల్‌ రాకపోయినా సర్దుకుపోయేవాళ్లం. 2020 తర్వాత ఆఫీసు, క్లాసు, ఆన్‌లైన్‌ పరీక్ష అన్నీ ఇంట్లోకే వచ్చాయి. మన ఇళ్లేమో ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబులు. 5 గిగాహెర్ట్జ్‌ సిగ్నల్‌ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. అందుకే రెండు మూడు చిన్న పరికరాలు కలిసి ఒకే పేరుతో వైఫై ఇచ్చే మెష్‌ సెట్లు ఇళ్లలోకి వస్తున్నాయి. వాటిని గాలిలో కాకుండా ల్యాన్‌ కేబుల్‌తో ఒకదానికొకటి కలపడమే వైర్డ్‌ బ్యాక్‌హాల్‌. వేగానికి, నిలకడకు అదే మంచి పద్ధతి.

ఈ ధోరణి ఇంకా పెరిగేదే. 6 గిగాహెర్ట్జ్‌ బ్యాండ్‌లో కింది భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకునేందుకు కేంద్ర టెలికాం శాఖ 2025 మేలో ముసాయిదా నిబంధనలు ప్రకటించింది. తరంగం ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడలు దాటే శక్తి తగ్గుతుంది. కాబట్టి ఇంటికి మరిన్ని మెష్‌ పరికరాలు, మరిన్ని వైర్లు. అంటే సమస్య వీధిలోని ఫైబర్‌ నుంచి హాల్లోని టీవీ స్టాండు వెనక్కి మారుతోంది. దాన్ని పట్టుకోగలిగినవాళ్లకే పని.

గానుగెద్దు ప్రయాణం

లూప్‌ అంటే ఒకే నెట్‌వర్క్‌లో రెండు చోట్ల మధ్య ఒకటికి మించి దారులు ఉండి, అవన్నీ ఒకేసారి తెరిచి ఉండటం. రోడ్లకైతే రెండు దారులు మేలే. ఈథర్‌నెట్‌కు మాత్రం ప్రమాదం.

నెట్‌వర్క్‌లోని ప్రతి పరికరం అప్పుడప్పుడూ ‘ఫలానా అడ్రస్‌ ఎవరిది?’ అని అందరినీ అడుగుతుంది. దీన్నే బ్రాడ్‌కాస్ట్‌ అంటారు. స్విచ్‌కు అది అందగానే, వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్ని పోర్టులకూ పంపిస్తుంది. దారి గుండ్రంగా ఉంటే ఆ ఫ్రేము తిరిగి అదే స్విచ్‌కు వస్తుంది. స్విచ్‌ మళ్లీ పంపిస్తుంది. గానుగెద్దులా తిరుగుడే తిరుగుడు.

ఐపీ ప్యాకెట్‌కు టీటీఎల్‌ అనే ఆయుష్షు ఉంటుంది. రూటర్‌ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గి, సున్నా కాగానే చచ్చిపోతుంది. ఈథర్‌నెట్‌ ఫ్రేముకు అలాంటి ఆయుష్షు లేదు. పైగా దారులు చీలిన చోటల్లా కాపీలు పుడతాయి. 64 బైట్ల చిన్న ఫ్రేములైతే ఒక గిగాబిట్‌ లింకు సెకనుకు సుమారు 14.88 లక్షలు మోయగలదు. ఆ సామర్థ్యమంతా ఈ తిరుగుడుకే పోతే మీ వీడియో కాల్‌కు చోటెక్కడ? దీన్నే బ్రాడ్‌కాస్ట్‌ స్టార్మ్‌ అంటారు.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. డిజిటల్‌ ఎక్విప్‌మెంట్‌ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్‌ 1985లోనే స్పానింగ్‌ ట్రీ పద్ధతిని కనిపెట్టారు. 1990లో అది ఐఈఈఈ 802.1డీ ప్రమాణమైంది. స్విచ్‌లు చిన్న సందేశాలతో ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. అదనపు దారి కనిపిస్తే దాన్ని మూసి ఉంచుతాయి. అసలు దారి తెగితేనే తెరుస్తాయి.

మెష్‌లో ఎక్కడ పుడుతుంది?

మెష్‌ పరికరానికి ప్రధాన రూటర్‌తో గాలిలో ఒక లింకు ఉంటుంది. మీరు కేబుల్‌ కూడా గుచ్చితే దారులు రెండయ్యాయి. మంచి మెష్‌ వైరును గుర్తించి గాలి లింకును పక్కన పెడుతుంది. అలా గుర్తించలేని సందర్భాలే తలనొప్పి. కొన్ని మెష్‌లు ఇందుకు స్పానింగ్‌ ట్రీ సందేశాల మీదే ఆధారపడతాయి. మధ్యలో పెట్టిన స్విచ్‌ ఆ సందేశాలను దాటనివ్వకపోతే రెండు పరికరాలకూ తమ మధ్య వైరు ఉన్న సంగతే తెలియదు. రెండు దారులూ తెరిచే ఉంటాయి.

ఇంటర్వ్యూలో అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. రీస్టార్ట్‌ చేసినప్పుడు వైరు దారి ముందు పనిచేస్తుంది. గాలి లింకు కలవడానికి కొంత సమయం పడుతుంది. అంతవరకూ నెట్‌ బాగుంటుంది. అది కలవగానే వలయం పూర్తవుతుంది, నెట్‌ కూలుతుంది.

ఇంకో రెండు పొరపాట్లు కూడా గుర్తుంచుకోండి. ‘రెండు వైర్లు వేస్తే స్పీడు రెట్టింపు’ అనుకుని ఒకే స్విచ్‌ నుంచి ఒకే మెష్‌ పరికరానికి రెండు కేబుళ్లు గుచ్చడం మొదటిది. రెండోది, మెష్‌ పరికరం కేబుల్‌ను ప్రధాన మెష్‌ రూటర్‌కు కాకుండా కంపెనీ ఇచ్చిన ఫైబర్‌ బాక్సుకు కలపడం. ప్రధాన మెష్‌ బ్రిడ్జ్‌ మోడ్‌లో ఉంటే ఇది లూప్‌ అయ్యే ప్రమాదం ఉంది. రూటర్‌ మోడ్‌లో ఉంటే ఐపీ అడ్రస్‌లు పంచేవాళ్లు ఇద్దరవుతారు. ఒక ఫోన్‌లో నెట్‌ వస్తుంది, ఇంకో దాంట్లో రాదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నా జబ్బులు వేరు.

పట్టుకునేదెలా?

1. ముందు బొమ్మ గీయండి. ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో కాగితం మీద పెడితే సగం పని అయినట్టే. సరైన వరస ఇది: ఫైబర్‌ బాక్సు, ప్రధాన మెష్‌ రూటర్‌, స్విచ్‌, ఆ తర్వాతే మిగతా మెష్‌ పరికరాలు.

2. స్విచ్‌ లైట్లు చూడండి. ఎవరూ ఏమీ వాడకపోయినా అన్ని పోర్టుల లైట్లూ ఆగకుండా ఒకే తీరుగా కొట్టుకుంటుంటే లూప్‌ మీద అనుమానం బలపడుతుంది.

3. ఇంట్లోని రూటర్‌నే పింగ్‌ చేయండి. దాని నుంచి కూడా జవాబు రాకపోయినా, వందల మిల్లీసెకన్లు పడుతున్నా గొడవ ఇంట్లోనే ఉంది. మెష్‌ వైర్లన్నీ తీసి ల్యాప్‌టాప్‌ను నేరుగా ఫైబర్‌ బాక్సుకు కలిపి చూడండి. నెట్‌ వస్తే కంపెనీ లైనుకు దోషం లేదు.

4. వైర్లు కలిపి ఉన్నప్పుడు ఒక్కోటి తీస్తూ పోండి. ఏది తీయగానే లైట్లు నెమ్మదించాయో అది వలయంలో ఒక భాగం. ఇక్కడే చాలామంది ‘కేబుల్‌ పాడైంది’ అని కొత్తది కొనేస్తారు. కేబుల్‌ బాగానే ఉంది, దాని చోటే తప్పు.

5. తిరిగి ఒక్కోటే కలపండి. ప్రతిదాని తర్వాత రెండు మూడు నిమిషాలు ఆగండి. పాత స్పానింగ్‌ ట్రీలో ఒక పోర్టు తెరుచుకోవడానికే 30 సెకన్లు పడుతుంది. మెష్‌ యాప్‌లో ఆ పరికరం ‘వైర్డ్‌’ అని చూపిస్తోందో లేదో సరిచూడండి. చూపకపోతే మధ్యలోని స్విచ్‌ను తప్పించి నేరుగా కలిపి చూడండి.

ఇల్లే కాదు, ఆసుపత్రీ ఆగింది

ఇదంతా చిన్న విషయమనుకోవద్దు. 2002 నవంబరులో అమెరికాలోని బోస్టన్‌లో బెత్‌ ఇజ్రాయెల్‌ డీకొనెస్‌ మెడికల్‌ సెంటర్‌ నెట్‌వర్క్‌ దాదాపు నాలుగు రోజులు స్తంభించింది. ఏళ్ల తరబడి ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయిన నెట్‌వర్క్‌, స్పానింగ్‌ ట్రీ తట్టుకోగల పరిధిని దాటిపోయింది. డాక్టర్లు, నర్సులు మళ్లీ కాగితాల మీద రాసుకోవాల్సి వచ్చింది. అక్కడి సీఐఓ జాన్‌ హలామ్కా ఏం జరిగిందో దాచకుండా బయటికి చెప్పారు. ‘ఏ వైరు ఎందుకుంది’ అనే లెక్క తప్పితే ఇల్లయినా ఆసుపత్రయినా ఒకటే.

ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది?

‘రీస్టార్ట్‌ చేయండి’ అని చెప్పే పని ఇప్పుడు చాట్‌బాట్‌ కూడా చేస్తోంది. మనిషి దాకా వచ్చేది అది తీర్చలేని ఫిర్యాదే. అందుకే నెట్‌వర్క్‌ ఆపరేషన్స్‌ సెంటర్లు, ఫీల్డ్‌ సపోర్ట్‌, డెస్క్‌టాప్‌ సపోర్ట్‌ కొలువులకు వెళ్లేవాళ్లు నిర్వచనాలతో ఆగకూడదు. సీసీఎన్‌ఏ 200-301 సిలబస్‌లో స్పానింగ్‌ ట్రీ ఉంది. దాన్ని బట్టీ పట్టకండి. సిస్కో ప్యాకెట్‌ ట్రేసర్‌ ఉచితంగా దొరుకుతుంది. అందులో మూడు స్విచ్‌లను త్రికోణంలో కలపండి. ఒక చివర నారింజ రంగు చుక్క అలాగే ఉండిపోతుంది. మూసి ఉంచిన దారి అదే. మిగతా రెండింట్లో ఒక వైరు తీసేసి, ఆ చుక్క ఆకుపచ్చగా మారే వరకూ చూడండి. ఒక్కసారి కళ్లారా చూస్తే మరచిపోరు. ఒక్క జాగ్రత్త: హాస్టల్‌, కాలేజీ ల్యాబ్‌ స్విచ్‌ల మీద మాత్రం ఈ ప్రయోగాలు వద్దు. అందరి నెట్‌ పోతుంది, తిట్లు మీకు పడతాయి.

ఇక ఇంటర్వ్యూలో ఆ రెండో ప్రశ్న వస్తే ఇలా మొదలుపెట్టండి: ‘సార్‌, నెట్‌ పోవడానికి ముందు ఇంట్లో కొత్తగా ఏ వైరు కలిపారో ముందు అడుగుతాను.’