వరుసలో నిలిచిన తోబుట్టువు

అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వెలువరించు వీసా బులెటిన్‌లో, పౌరుల తోబుట్టువులకు ప్రత్యేకించిన నాల్గవ తరగతి యెదుట, భారతదేశపు గడిలో, 2025 సంవత్సరము పొడుగునను కానవచ్చినది 2006 నాటి తేదీయే. అనగా, ఆ దేశపు పౌరసత్వము పొందిన అన్నగారు విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్న చెల్లెలి కొరకు 2006లో పెట్టిన అర్జీకి పందొమ్మిదేండ్ల పిమ్మట పిలుపు వచ్చుచున్నదన్నమాట. ఈ నడుమ గోదావరికొక పుష్కరము, కృష్ణకొక పుష్కరము వచ్చి వెళ్లినవి. ఒక రాష్ట్రము రెండైనది. అర్జీ పెట్టిననాడు పలక పట్టిన పిల్లవాడు ఉద్యోగము వెదకికొనుచున్నాడు. తోబుట్టువును పిలిపించుకొను హక్కు నీకు కలదని పౌరునకు చెప్పి, అది ఫలించుటకు ఇరువదేండ్లు పట్టునట్లు కట్టుదిట్టము చేసిన చట్టము నిజముగా హక్కు నిచ్చినదని చెప్పుటకు మాకు నోరాడదు. ఈ తరగతినే రద్దు చేయవలెనని అచటి రాజకీయములలో ఒక పక్షము చిరకాలముగా వాదించుచున్నది. రద్దు చేయరాదు, సంస్కరింపవలెను, అదియు ఇంకొక తరము వరుసలో నిలువకముందే, అని మా నిశ్చితాభిప్రాయము.

ఈ తరగతి పుట్టుపూర్వోత్తరములు తెలిసినచో నేటి వాదములలోని వైచిత్ర్యము తేటపడును. 1917 నాటి చట్టము ఆసియా ఖండములో అధికభాగమునకు అమెరికా వాకిళ్లు మూసినది. 1923లో భగత్ సింగ్ థింద్ అను పంజాబీని, మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆ దేశపు సైన్యములోనే పనిచేసినవానిని, పౌరసత్వమునకు అర్హుడు కాడని అచటి సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. 1946లో లూస్-సెల్లర్ చట్టము దయదలచి భారతీయులకు అనుగ్రహించినది ఏటికి నూరు ప్రవేశములు. 1965 అక్టోబరు 3వ తేదీన, స్వేచ్ఛాదేవి విగ్రహపాదముల చెంత, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకము చేసిన హార్ట్-సెల్లర్ చట్టము ఆ జాతివారీ కోటాలను తుడిచివైచినది. ప్రభుత్వము తొలుత ప్రతిపాదించినది నైపుణ్యమునకు పెద్దపీట వేసిన ముసాయిదా. దిగువ సభలో వలసల ఉపసంఘాధ్యక్షుడైన ఒహాయో ప్రతినిధి మైకేల్ ఫీగన్ ప్రభృతులు పట్టుబట్టి బంధుత్వమును ముందునకు తెచ్చిరి. వారి లెక్క తేలికైనది: దేశములో నున్నవారు అత్యధికభాగము ఐరోపా సంతతివారు గావున, బంధువులను పిలిచికొను హక్కు ప్రధానముగా వారికే ఉపకరించును, జనాభా వన్నె మారదు. అందుచేతనే తోబుట్టువుల తరగతికి ఆనాడు నూటికి 24 వంతుల వీసాలు ఉదారముగా దక్కినవి. కాని ఐరోపానుండి రాగోరువారు తగ్గిపోయిరి. గుంటూరు, విశాఖపట్నము, హైదరాబాదు వైద్య కళాశాలలనుండి బయలుదేరిన డాక్టర్లును, వారి వెనుకనే ఇంజనీర్లును నైపుణ్యపు వాకిట ప్రవేశించి, ఐదేండ్ల నివాసముతో పౌరులై, ఎవరికొరకో తెరచియుంచిన బంధుత్వపు వాకిట తమ అన్నదమ్ములను అక్కచెల్లెండ్రను పిలిపించుకొనిరి. నేడు ఈ వాకిలి మూయవలెనను ఉద్యమమునందు ఆ తప్పిన లెక్కపై కినుక కొంతయైన లేదని అనుకొనుటకు మేమంత అమాయకులము కాము.

1990 నాటి చట్టము కుటుంబ తరగతులన్నిటికి కలిపి ఏటికి 2,26,000 వీసాలకు తగ్గరాదని ఒక కనిష్ఠ పరిమితి విధించినది. ఆచరణలో ఆ కనిష్ఠమే గరిష్ఠమై కూర్చున్నది. అందు తోబుట్టువుల వాటా 65,000. ఈ అరువదియైదు వేలలో తోబుట్టువు మాత్రమే కాక భార్యయో భర్తయో, బిడ్డలును లెక్కకు వచ్చుదురు గనుక, నలుగురున్న కుటుంబమొకటి కదలినచో నాలుగు సంఖ్యలు చెల్లిపోవును. ఆపైన ఏ యొక్క దేశమునకును 7 శాతమునకు మించరాదను నిబంధన యొకటి: నూట నలుబది కోట్లకు పైబడిన భారతదేశమునకును, సుమారు నాలుగు లక్షల ఐస్‌లాండునకును ఒకటే కొలపాత్ర. 1990లో ఇరువదియైదు కోట్లకు లోబడియున్న అమెరికా జనాభా నేడు ముప్పదిమూడు కోట్లు దాటినది. అంకెలు మాత్రము నాటివే. కనుక గుమాస్తాలను పెంచినను, కంప్యూటర్లు మార్చినను ఈ నిరీక్షణ తగ్గునది కాదు. కాంగ్రెసు చట్టము మార్చిననే తగ్గును.

అర్జీ కట్టను ఒకమారు విప్పి చూచినవారికి గాని ఈ వ్యవహారము బరువు తెలియదు. 2024 ఏప్రిల్ నుండి కాగితముపై దాఖలు చేయు ఐ-130 పత్రమునకు రుసుము 675 డాలర్లు. అది కట్టుట తేలిక. అన్నయు చెల్లెలును ఒక తల్లి బిడ్డలని చూపుటయే కష్టము. మంత్రసాని చేతిమీదుగా ఇంటనే పుట్టిన ఆ తరమువారికి జనన ధ్రువపత్రము ఉండదు. ఏడాది దాటిన జననమును నమోదు చేయింపవలెనన్న 1969 నాటి చట్టము ప్రకారము మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. అది దొరకనివారు పంచాయతీ ఆఫీసులో రికార్డు వెదకించి, పేరు లేదని ఒక నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్టు పుచ్చుకొని, పుట్టుక ఎరిగిన పెద్దలిద్దరిచే అఫిడవిట్లు వ్రాయించి, పదవ తరగతి మెమో జతపరతురు. ఆ మెమోలో తండ్రి పేరు వెంకట సుబ్బారావు; అన్నగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందునకు వచ్చి సుబ్బారావు వెనుకకు పోయినాడు; చెల్లెలి ఆధార్‌లో పొడి అక్షరములు, రావు మాత్రమే మిగిలెను. పుట్టిన తేదీ యందురా, బడిలో చేర్చునాటికి ఈడు చాలునట్లు పంతులుగారు వేసిన జూన్ ఒకటవ తేదీ. అమెరికాలో ఫైలు చూచు ఉద్యోగికి ముగ్గురు తండ్రులు కనిపించుటలో ఆతని తప్పేమియు లేదు. అదనపు రుజువులు కోరుచు ఉత్తరము వచ్చును. చెల్లెలు మరల పంచాయతీ ఆఫీసు మెట్లెక్కును.

ఇంతచేసి వరుసలో నిలిచిన కుటుంబమునకు అన్నిటికన్న క్రూరమైన దెబ్బ పిల్లల వయస్సు రూపమున తగులుచున్నది. ఇరువదియొక యేడు నిండినవాడు చట్టము కంటికి బిడ్డ కాడు. ఇరువదేండ్లు నడచు వరుసలో ఇరువదియొకటి హద్దుగా పెట్టుటయనగా బిడ్డను ఇచ్చటనే వదలి రమ్మనుటయే. 2002లో వచ్చిన బాలల రక్షణ చట్టము ఒక ఊరటనిచ్చినది: తేదీ వచ్చిననాటి వయస్సునుండి, అర్జీ ఆమోదము పొందుటకు పట్టిన కాలమును తీసివేయుదురు. ఫలితము చూడుడు. మూడేండ్లవాడుగా అర్జీలో చేరిన పిల్లవాడు తేదీ వచ్చునాటికి ఇరువదిమూడేండ్లవాడైనచో, ఆ అర్జీ ఆఫీసులో నాలుగేండ్లు మూలిగియున్న యెడల వాని వయస్సు పందొమ్మిది, తల్లితో విమానమెక్కును. ఏడాదిన్నరలోనే ఆమోదము పొందియుండిన యెడల ఇరువదియొకటిన్నర, ఇంటనే ఉండిపోవును. ఆఫీసువారు ఎంత సోమరులైన పిల్లవానికి అంత మేలు! అట్లు తప్పిపోయిన సంతానమునకు పాత తేదీయైన దక్కవలెనని పోరాడిన కుటుంబముల వాదమును 2014లో సుప్రీంకోర్టు ఐదుగురు నలుగురిగా చీలి తిరస్కరించినది. అర్జీ పెట్టిననాటి వయస్సునే వయస్సుగా పరిగణింపవలెను. ఇందు చర్చించుటకు ఏమున్నదో మాకు తోచదు.

వేచియున్న కాలములోనైన అన్నను చూచి వత్తమనిన, సందర్శక వీసా దరఖాస్తులో ఒక ప్రశ్న ఉండును: నీ తరఫున ఎవరైన వలస అర్జీ పెట్టిరా? ఔననక తప్పదు. ఔనన్న పిమ్మట, తిరిగి రాగలవని కాన్సులేటు అధికారిని నమ్మించు భారము చెల్లెలిదే; నమ్మని అధికారి ఒక్క నిమిషములో పంపివేయగలడు. మేనకోడలి పెండ్లిని ఫోనులో చూచిన మేనత్తలు మన ఊళ్లలో అరుదు కారు. ఇక అన్నగారే ఈలోపల కాలధర్మము నొందినచో, సామాన్యముగా అర్జీయు ఆయనతోనే పోవును. అప్పటికే ఆమోదము పొందియున్నచో కరుణతో పునరుద్ధరింపుమని వేడుకొనవచ్చును గాని, అది అధికారి ఇష్టాధీనము. ఆర్థిక పూచీకి ఇంకొక బంధువు ముందునకు రావలెను. ఇరువదేండ్ల నిరీక్షణను చట్టముగా చేసినవారు ఆ ఇరువదేండ్లలో మనుష్యులు మరణింతురని ఊహింపకపోవుట ఎట్లు?

రద్దు కోరువారి వాదమునందు బలము లేకపోలేదు. 1995లో బార్బరా జోర్డన్ అధ్యక్షత వహించిన సంఘము, వయోజనులైన సంతానమునకును తోబుట్టువులకును ఉన్న తరగతులను ఎత్తివేసి, ఆ సంఖ్యలను భార్యాబిడ్డలకు మళ్లింపుమని సిఫారసు చేసినది. ఆమె జాతివివక్షపై జీవితమంతయు పోరాడిన మహిళ, ఆమెకు దురుద్దేశములు అంటగట్టుట అన్యాయము. దగ్గరివారు ఆగిపోగా దూరపువారికి చోటీయనేల అని ఆమె సంఘపు ప్రశ్న. దానికి జవాబు, రెండు తరగతులకు చాలినన్ని సంఖ్యలు ఇచ్చుటయే. ఒకరి విస్తరిలోనిది తీసి ఇంకొకరికి వడ్డించుట కాదు. 2017లో సెనేటర్లు కాటన్, పర్డ్యూ తెచ్చిన రెయిజ్ బిల్లు మాత్రము అంత ఉదాత్తమైనది కాదు. దానిని శ్వేతభవనమున నిలిచి బలపరచిన అధ్యక్షుని అత్తమామలు మరుసటి యేడు ఆగస్టులో బంధుత్వ మార్గముననే పౌరులైరి. మంచిదే, వృద్ధులైన తల్లిదండ్రులు కూతురి చెంత ఉండవలసినదే.

ఒకరు వచ్చిన వెనుక ఇంకొకరు గొలుసుగా దిగుచున్నారని ఆ పక్షపు ఆరోపణ. 2006 నాటి అర్జీతో 2025లో దిగిన చెల్లెలి భర్త 2030లో పౌరుడై తన తమ్ముని కొరకు అర్జీ పెట్టినచో, నేటి నడకనే నడచినయెడల ఆ తమ్ముడు దిగునది 2050 ప్రాంతమున, బహుశః పింఛను పుస్తకముతో. ప్రజాధనముపై భారమందురా, అర్జీదారు ఐ-864 అను పూచీపత్రముపై సంతకము చేయనిదే ఎవరును రారు: పేదరికపు రేఖకు 125 శాతము ఆదాయము చూపవలెను, వచ్చినవారు పౌరులగువరకో, నలుబది త్రైమాసికముల పని పూర్తియగువరకో, వారి పోషణభారము చట్టబద్ధముగా ఆతనిదే. వచ్చినవారికి మొదటి ఐదేండ్లు ఫెడరల్ ప్రభుత్వపు పేదల సహాయములలో అధికభాగము అందనే అందదు. అన్నింటిని మించి, కొత్తగా వచ్చిన సంసారమునకు తొలియేడు గది, కారు, పిల్లల బడి, పని చూపునది ప్రభుత్వము కాదు, అన్నావదినెలే. ఈ ఖర్చు ఏ బడ్జెటు పద్దులోను కనిపించదు.

మన ఇండ్లవారికిని రెండు మాటలు చెప్పక తప్పదు. పౌరుడైన కుమారుడు తల్లిదండ్రులను పిలిపించుకొనుటకు సంఖ్యాపరిమితి లేదు. వారు గ్రీన్ కార్డుతో అచట దిగి, ఇచట మిగిలిన పెండ్లికాని కూతురి కొరకు అర్జీ పెట్టుదురు. 2025లో ఈ తరగతిలో నడచినవి 2016 నాటి అర్జీలు. తల్లిదండ్రులు పౌరులు కాకమునుపే ఆమెకు పెండ్లియైనచో అర్జీ రద్దగును. అందుచేత కొందరు ఇరువదియెనిమిదేండ్ల పిల్లకు వచ్చిన సంబంధములు త్రిప్పివేయుచున్నారు. మరికొందరు గుడిలో మూడుముళ్లు వేయించి, 'రిజిస్టరు చేయించలేదు గదా, లెక్కలోకి రాదులే' అని బ్రోకరు చెప్పిన మాట నమ్మి అవివాహితయని వ్రాయించుచున్నారు. రిజిస్టరు కానంతమాత్రమున వివాహము చెల్లకపోదని హిందూ వివాహ చట్టమే చెప్పుచున్నది. ఏడడుగులు నడచిన పిల్ల వివాహితయే. ప్రమాణము చేసి ఆడిన ఆ అబద్ధము పదేండ్లకు, పౌరసత్వపు ఇంటర్వ్యూలోనైనను, భర్త కొరకు అర్జీ పెట్టునాడైనను బయటపడును. అప్పుడు పోవునది గ్రీన్ కార్డు మాత్రమే కాదు, తిరిగి అడుగుపెట్టు అవకాశము కూడ. పౌరుల వివాహిత సంతానమునకు వేరొక తరగతి కలదు, ఆలస్యమైనను అది సక్రమమైనది. పిల్లకు పెండ్లి చేయుడు. తల్లిదండ్రులు పౌరులైన పిమ్మట ఆ తరగతిలో పెట్టు కొత్త అర్జీ దాని దారిన అది నడచుచుండును.

అమెరికాలోని తెలుగు సంఘములు రెండేండ్లకొకమారు మహాసభలు జరిపి, స్థానిక కాంగ్రెసు సభ్యులను వేదికనెక్కించి శాలువలు కప్పి ఫొటోలు దిగుచున్నవి. ఉద్యోగుల గ్రీన్ కార్డుల జాప్యమునుగూర్చి ఆ వేదికలపై మాటలు వినవచ్చుచున్నవి. వరుసలో నిలిచిన తోబుట్టువులకు అచట ఓటులేదు గావున వారి గోడు ఎత్తువారు అరుదు. కాని అర్జీ పెట్టిన అన్నకు ఓటు కలదు. కుటుంబమున ఒక్కరినే సంఖ్యలో చేర్చి భార్యాబిడ్డలను మినహాయింతురా, బిడ్డల వయస్సును అర్జీ నాటికే నిలుపుదురా, అర్జీదారు మరణించినను అర్జీని బ్రతుకనిత్తురా అని ఆయన తన ప్రతినిధిని ఆ సభలోనే, మైకు చేతబట్టుకొని అడుగవలెను. శాలువ సమాధానము విన్న పిమ్మట కప్పవచ్చును.