ప్రశ్న ఒకరిది, ప్రత్యుత్తరం ఎవరికి?

బృహదారణ్యకోపనిషత్తులోని జనక మహారాజు సభ సుప్రసిద్ధం. కురుపాంచాల దేశాల బ్రాహ్మణులు ప్రశ్నిస్తూంటే యాజ్ఞవల్క్య మహర్షి అందరి సమక్షంలోనే సమాధానమిస్తాడు. గ్రహాతిగ్రహాలను గురించి ఆర్తభాగుడు అడిగినదానికి కూడా సభలోనే జవాబు వచ్చింది. కాని మరణించిన పురుషుడు ఎక్కడ ఉంటాడని అతడు అడిగినప్పుడు మాత్రం మహర్షి అతని చేయి అందుకుని పక్కకు తీసుకుపోయినాడు. అది జనసమూహంలో చర్చించదగినది కాదని ఆయన నిర్ణయం.

సత్సంగ సభ్యుల ఈమెయిల్ బృందాలలో ఈ వివేచన ఒక మీట చేతిలో ఉన్నది. వచ్చిన లేఖకు ‘రిప్లై’ నొక్కితే అది వ్రాసినవారికే చేరాలా, బృందమంతటికీ చేరాలా అన్నది నిర్వాహకుడు ముందే నిర్ణయించి ఉంచుతాడు. పెక్కుచోట్ల బృందానికే చేరేటట్లు అమర్చుతున్నారు. జ్ఞానం పదిమందికీ అందవలెనని వారి వాదం. తిరుక్కోట్టియూరులో రామానుజులవారు రహస్యార్థాన్ని అందరికీ ఎలుగెత్తి చాటలేదా అని అడుగుతారు.

చాటినారు. అయితే ఆయన చాటినది మంత్రార్థం, ఒకరి ఇంటి గుట్టు కాదు. సత్సంగ బృందాలకు వచ్చే ప్రశ్నలలో వేదాంతం ఎంత ఉంటుందో, సంసారం అంతకు తక్కువ ఉండదు. తండ్రి పోయినాడు, అపరకర్మలు ఎట్లా జరపాలని ఒకరు అడుగుతారు. సమాధానం చెప్పదలచిన పండితుడు ముందుగా తెలుసుకోవలసినది అది సహజ మరణమా, దుర్మరణమా అని. నారాయణబలి ప్రసక్తి దానిని బట్టి వస్తుంది. ఆయన ఆ కుమారునికొక్కనికే వ్రాస్తున్నానని తలచి ఆ మాట అడుగుతాడు. మీట దానిని మూడు వందల ఇండ్లకు చేరవేస్తుంది.

ఒకరికే పోయిన జవాబును తరువాత అందరికీ పంపవచ్చును, నష్టం ఒక పూట ఆలస్యం. అందరికీ పోయినదానిని వెనుకకు పిలిచే ఉపాయం లేదు. ఈ రెండు పొరపాట్లూ సమానమని భావించేవారు ఆ కుమారుని స్థానంలో ఒక్క క్షణం నిలబడి చూడవలెను.

సాంకేతిక నియమాలు కూడా ఈ పక్షాన్నే ఉన్నవి. లేఖకు జవాబు ఎక్కడికి రావలెనో తెలిపే ‘రిప్లై-టు’ పంక్తిని 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 పేర్కొన్నది. 2001లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2822 అది లేఖ వ్రాసినవాని సూచన అని స్పష్టం చేసినది. బృందం యంత్రం ఆ పంక్తిలో తన చిరునామా వ్రాసుకోవడమంటే కర్త అధికారాన్ని హరించడమే.

ఐరాల మండలంలోని కాణిపాకం చెంత ప్రవహించే బాహుదా నదికి శంఖలిఖితుల కథ ఉన్నది. మహాభారతం శాంతిపర్వంలో చెప్పినదే. అన్న తోటలోని పండును తమ్ముడు అడుగక తిన్నాడు. అది చౌర్యమని శంఖుడు తమ్మునికే చెప్పినాడు, ఊరికి చాటలేదు. సుద్యుమ్న మహారాజు ఎదుటికి వెళ్ళి దోషం విన్నవించుకున్నది లిఖితుడు స్వయంగా. తెగిన చేతులు బాహుదలో స్నానమాడగా తిరిగి వచ్చినవి. వరసిద్ధి వినాయకుని సన్నిధిలో నేటికీ సత్యప్రమాణాలు జరుగుతున్నవి. అక్కడ కూడా ప్రమాణం చేసేవాడు కోనేట స్నానం చేసి తన నోటితో తానే పలుకవలెను. విషయం ఎవరిదో, వెల్లడించే అధికారం వారిది.

కనుక సత్సంగ బృందాలలో ‘రిప్లై’ ప్రశ్నించినవారికే చేరవలెను. సభకు చెప్పదలచినవారు ‘రిప్లై ఆల్’ను బుద్ధిపూర్వకంగా ఎంచుకోవలెను. భజన ఎన్ని గంటలకు, ప్రసాదం ఎవరు తెస్తారు అని మాట్లాడుకునే పదిమంది కార్యవర్గానికి ఈ పట్టింపు అనవసరం. వాట్సాప్ గ్రూపులలో వ్యవహారం తలక్రిందులు: అక్కడ జవాబు సహజంగా అందరికీ పోతుంది, ఏకాంతంగా చెప్పే మార్గం మెనూలో వెదుకవలెను. పెద్దలకు అది ఒకసారి చేతిలో పెట్టి చూపించడం పిల్లల పని.

మరి ఆ జ్ఞానం పదిమందికీ అందేది ఎట్లా? సందేహం తీరిన తరువాత ప్రశ్నించినవారే, ఇంటి సంగతులు విడిచి, తెలిసిన శాస్త్రార్థాన్ని నాలుగు మాటలలో బృందానికి వ్రాయవచ్చును. ఆర్తభాగునితో యాజ్ఞవల్క్యుడు పలికినదానిలో ఉపనిషత్తు మనకు అందించినది సారాంశం మాత్రమే: వారు మాట్లాడుకున్నది, ప్రశంసించినది కర్మనే అని, పుణ్యకర్మ వల్ల పుణ్యుడు, పాపకర్మ వల్ల పాపి అవుతాడని. తక్కిన సంభాషణ వారిద్దరిదే.