ఆ పది సెకన్ల చిట్కా మానండి

మొన్న ఒక లినక్స్ శిక్షణ తరగతిలో పాఠం చెప్పే ఆయన పిల్లలతో అన్న మాట ఇది: "కొత్త సర్వర్ చేతికి రాగానే సిస్టమ్.కాన్ఫ్ తెరవండి. స్టాప్ టైమ్‌అవుట్ పది సెకన్లు చేయండి, ఫైల్ లిమిట్ ఇన్ఫినిటీ పెట్టండి. మిగతా పని ఆ తర్వాతే." పిల్లలు బుద్ధిగా నోట్సులో రాసుకున్నారు. రేపు ఉద్యోగాల్లో చేరి ఇదే చేస్తారు. ఈ చిట్కా ఎవరి నోట విన్నా నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే చెప్పేవాళ్లలో సగంమంది ఆ ఫైల్‌ని నిదానంగా చదివిన పాపాన పోలేదు.

చాలా సర్వర్లలో ఆ ఫైల్ తెరిస్తే దాదాపు ప్రతి వరుసా హ్యాష్ గుర్తుతో మొదలవుతుంది. అవి అమల్లో ఉన్న ఆదేశాలు కావు. మనం ఏమీ రాయకపోతే సిస్టమ్‌డీ ఏ విలువ తీసుకుంటుందో చూపించడానికి పెట్టినవి. హ్యాష్ తీసేసి అంకె మార్చారంటే, తనకంటూ విడిగా ఏమీ రాసుకోని ప్రతి సర్వీసు మీదా ఆ అంకె పడుతుంది.

ప్రమాదమంతా ఆ 'విడిగా రాసుకోని' సర్వీసులకే. మరియాడీబీ వాళ్లు తమ యూనిట్ ఫైల్లో ఆగడానికి 900 సెకన్లు రాసుకున్నారు. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ తన నమూనా యూనిట్‌లో గడువే లేకుండా ఇన్ఫినిటీ పెట్టింది. అలా రాసుకున్నవాటిని మీ పది సెకన్లు తాకను కూడా తాకవు. తాకేది మీ ఆఫీసులో ఎవరో హడావిడిగా ఆరు వరుసల్లో రాసి వదిలేసిన యూనిట్‌ని. జీతాల లెక్కలు కట్టే జావా ప్రోగ్రామ్, క్యూలోంచి ఆర్డర్లు తీసి డిస్కుకి రాసే పైథాన్ స్క్రిప్ట్ లాంటివి. సిస్టమ్‌డీ మామూలుగా ముందు సిగ్‌టర్మ్ పంపి సర్దుకోమంటుంది. గడువు దాటితే సిగ్‌కిల్. ఇక ఆ ప్రోగ్రామ్‌కి ఒక్క వరుస కూడా నడిపే అవకాశం ఉండదు. సగం రాసిన ఫైల్ సగంలోనే ఉండిపోతుంది. సొంతంగా ఏ రక్షణా లేనివాటి మీదే దెబ్బ వేసే సెట్టింగుని 'ఆప్టిమైజేషన్' అని పాఠం చెబుతున్నారు!

డీఫాల్ట్‌గా ఉండే తొంభై సెకన్లు ఎవరు ఆగుతారండీ అంటారు. షట్‌డౌన్ చేసినప్పుడు బ్రాకెట్ల మధ్య ఎర్ర నక్షత్రాలు అటూ ఇటూ పరుగెడుతుంటాయి, పక్కన స్టాప్ జాబ్ నడుస్తోందన్న వాక్యం, దాని చివర సెకన్ల లెక్క. ఆ సెకన్లు అందరికీ కనిపిస్తాయి. ఆ వాక్యంలోనే ఏ సర్వీసు ఆగనంటోందో పేరు కూడా ఉంటుంది, అది మాత్రం ఎవరికీ కనిపించదు! సిస్టమ్‌డీ దొంగని పేరు పెట్టి పట్టిస్తుంటే, మనం గడియారం ముల్లు కోసేస్తున్నాం. మళ్లీ బూట్ అయ్యాక జర్నల్‌సీటీఎల్‌లో కిందటి బూట్ లాగ్ తీసి ఆ పేరు వెతికితే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

ఫెడోరా తగ్గించింది కదా అని ఒక వాదన. 2023లో ఫెడోరా 38 ఆ గడువుని 90 నుంచి 45కి తెచ్చింది, నిజమే. అదీ ఎంతో వాదోపవాదం జరిగాక. పదికి తేలేదు.

ఫైల్ లిమిట్ గోల ఇంకొకటి. 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' అని ఎర్రర్ రాగానే లిమిట్స్.కాన్ఫ్ మారుస్తారు. అది పామ్ ద్వారా లాగిన్ అయ్యే సెషన్లకి వర్తిస్తుంది, సిస్టమ్ సర్వీసులకి కాదు. పని జరగలేదని కోపమొచ్చి సిస్టమ్.కాన్ఫ్‌లో ఇన్ఫినిటీ కొడతారు. 2018 డిసెంబరులో వచ్చిన 240వ వెర్షన్‌లో సిస్టమ్‌డీ సాఫ్ట్ లిమిట్‌ని 1,024 దగ్గరే ఉంచి, హార్డ్ లిమిట్‌ని 5,24,288కి పెంచింది. దానికి కారణముంది. పాత సెలెక్ట్ కాల్ వాడే ప్రోగ్రాములు 1,023 దాటిన ఫైల్ నంబర్లని మోయలేవు. ఎక్కువ కావలసిన ప్రోగ్రామ్ తన సాఫ్ట్ లిమిట్‌ని తనే పెంచుకోవచ్చు, ఎన్‌జిన్‌ఎక్స్‌కి అందుకోసం సొంత డైరెక్టివే ఉంది. అదే వెర్షన్ కెర్నల్ వైపు హద్దుని కూడా బాగా లేపడంతో, ఇన్ఫినిటీ అంటే వంద కోట్ల పైమాట అయి కూర్చుంది. తెరిచిన ఫైళ్లన్నీ మూయాలని ఒకటి నుంచి చివరి నంబరు దాకా వరసగా లెక్కపెట్టే పాత ప్రోగ్రాములు కంటైనర్లలో సీపీయూ తినేస్తూ వేలాడింది అందుకే.

అందరికీ ఒకే అంకె పెట్టబోయి సిస్టమ్‌డీ వాళ్లే దెబ్బతిన్నారు. 2015లో సర్వీసుకి 512 టాస్కులని హద్దు పెట్టి, మరుసటి ఏడాదే దాన్ని 15 శాతం లెక్కకి మార్చుకున్నారు. 2016లోనే లాగౌట్ కాగానే యూజర్ ప్రాసెస్‌లన్నీ చంపేయడం డీఫాల్ట్ చేశారు. టీమక్స్‌లో రాత్రంతా నడవాల్సిన పనులు పోతాయని జనం మండిపడ్డారు, డెబియన్ దాన్ని ఆపి పెట్టింది. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకే కుదరని పని, మెషిన్ మీద ఏమేం నడుస్తాయో ఇంకా తెలియని మొదటి రోజున మనం చేస్తామా?

సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అని కొట్టి, ఆ ఒక్క సర్వీసు పేరు ఇచ్చి, దానికి కావలసిన గడువూ లిమిటూ అక్కడే రాయండి. రెండు మూడు వరుసల పని. ఎన్ని సెకన్లు ఇవ్వాలో ప్రోగ్రామ్ రాసినవాళ్లని అడగండి. వాళ్లకీ తెలియకపోతే, టెస్ట్ సర్వర్‌లో పూర్తి లోడ్ మీద ఉండగా సర్వీసు ఆపి, ఎంతసేపు పట్టిందో చూడండి.