వేసవి నిషేధం తాబేళ్లను కాపాడదు

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలోని వ్యాసం వేసవి వేట నిషేధమే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు రక్ష అంది. తూర్పు తీరంలో ఆ నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఆంధ్ర తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. ఆ రోజుల్లో ట్రాలర్లు సముద్రంలోనే ఉంటాయి.

ఒడ్డుకు కొట్టుకొచ్చే కళేబరాలకు రోగమే కారణమని రాయడం మరీ అన్యాయం. తాబేలుకు ఉన్నవి ఊపిరితిత్తులు, మొప్పలు కావు. గాలి కోసం పైకి రావాల్సిందే. గంటల తరబడి ఈడ్చే రొయ్యల వలలో చిక్కితే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. వలలో టెడ్ అనే చువ్వల చట్రం బిగిస్తే రొయ్యలు సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు పక్కనున్న ద్వారంలోంచి బయటపడుతుంది. కొంత చేప జారిపోతుందని బోట్లవాళ్ల భయం. అది నిజమైన భయమే, ఆ నష్టాన్ని ప్రభుత్వం భరించాలి. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మర బోట్లు వేటాడకూడదన్న నిబంధన మన రాష్ట్రంలో ఎప్పటినుంచో ఉంది. కనీసం ఆ మూడు నెలలైనా దాన్ని గట్టిగా అమలు చేయమని మీ పత్రిక అడగాలి.

— ఓ పాఠకురాలు, ఉప్పాడ