కొన్నవాని హక్కు

అంగడిలో సొమ్ము చెల్లించి పుస్తకమును గొన్నవాడు దానిని తాను చదువుకొనవచ్చును, మిత్రునకు ఎరవీయవచ్చును, ఊరి పఠనమందిరమునకు దానము చేయవచ్చును, చేతిలో పైకము లేనినాడు తిరిగి యమ్ముకొనవచ్చును. అమ్మిన వర్తకుడు అర్ధరాత్రమున ఇంటికి వచ్చి, "గ్రంథకర్తతో మా ఒడంబడిక ముగిసినది" అని బీరువాలోనుండి ఆ పుస్తకమును గొనిపోవుట మనమెన్నడును వినలేదు. అట్లు చేసినవానిని లోకము వర్తకుడనదు. కాని చలనచిత్రముల విషయమునను, వీడియో క్రీడల విషయమునను నేడు జరుగుచున్నది ఇట్టిదే. దానికి "సేవానిబంధనలు" అని పేరు పెట్టినారు.

ఈ వివాదముయొక్క పూర్వచరిత్ర తెలిసికొనదగినది. 1975లో సోనీ సంస్థ బీటామాక్సు అను వీడియో యంత్రమును విపణికి దెచ్చినది. టెలివిజనులో వచ్చు కార్యక్రమమును గృహస్థుడు టేపుపై నెక్కించుకొని, తనకు తీరికయైనపుడు చూచుకొనుటకు దానివలన వీలు కలిగినది. మరుసటి యేడే యూనివర్సల్, డిస్నీ చిత్రసంస్థలు ఆ యంత్రము తమ స్వామ్యమునకు భంగకరమని న్యాయస్థానమున కెక్కినవి. ఏడేండ్లకు పైగా వ్యాజ్యము నడచినది. తుదకు 1984 జనవరిలో అమెరికా సుప్రీముకోర్టు, అయిదుగురు న్యాయాధిపతులొక వైపును నలుగురొక వైపును నుండగా, పిమ్మట చూచుకొనుటకై ఇంటిలో టేపుపై నెక్కించుకొనుట న్యాయమైన వినియోగమే యని తీర్పు చెప్పినది. ఆ యంత్రము తమకు హానికరమని మొఱపెట్టిన చిత్రసంస్థలే తరువాత కాసెట్ల యమ్మకమువలన విశేషలాభములు గడించినవి. గృహస్థుని స్వాతంత్ర్యము వర్తకమునకు శత్రువు కాదని దానితో ఋజువైనది.

ఆనాడు గృహస్థుని యంత్రము పక్షమున వాదించి గెలిచిన సోనీ సంస్థయే తరువాత నేమి చేసినదో చూడుడు. ప్లేస్టేషన్ దుకాణమున స్టూడియోకెనాల్ చిత్రములను సొమ్మిచ్చి కొన్న జర్మనీ, ఆస్ట్రియా దేశస్థులకు, 2022 ఆగస్టు 31 మొదలు ఆ చిత్రములు వారికి లభింపవని తెలియజేసినది. 2023 డిసెంబరులో డిస్కవరీ కార్యక్రమములను గూర్చి యట్టి ప్రకటనయే వెలువడినది. కొన్నవారు గగ్గోలు పెట్టిరి. ఆ నెల ముగియకముందే ఒడంబడిక సవరింపబడినదనియు, తొలగింపు మానుకొంటిమనియు చెప్పినారు. సంతోషమే. కాని మన సొత్తు మన యింట నిలుచుటకు రెండు పరాయి సంస్థల నడుమ సంధి కుదురవలసి యున్నచో, అది మన సొత్తెట్లగును?

వీడియో క్రీడల గతి ఇంకను దయనీయము. 2014లో యూబీసాఫ్ట్ సంస్థ "ది క్రూ" అను కారు పందెముల క్రీడను విడుదల చేసినది. ఒంటరిగా ఆడుకొను భాగమునకు సైతము ఆ సంస్థ సర్వరుతో సంబంధము తప్పనిసరి. 2024 మార్చి 31న సర్వరులను నిలిపివేసిరి. ఆ దినముతో క్రీడ యంతయు నిర్జీవమైనది. డిస్కు కొనిన వానికిని చేత మిగిలినది పనికిరాని బిళ్ళయే.

యంత్రముల నిర్మాణము కూడ ఈ మార్గమునే త్రొక్కుచున్నది. 2024 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రో యంత్రమునకు డిస్కు పెట్టు భాగమే లేదు. దానిని వేఱుగ కొని తగిలించుకొనవలెను. తగిలించిన తొలిసారి ఇంటర్నెట్టు ద్వారా సంస్థవారి యంగీకారము పొందవలెను. 2025 జూనులో విడుదలైన నింటెండో స్విచ్ 2 యంత్రమునకు వచ్చు కార్డులలో కొన్నింటియందు క్రీడయే యుండదు. క్రీడను దింపుకొనుటకు తాళపుచెవి మాత్రమే యుండును. ఆ కార్డును తిరిగి యమ్ముకొనవచ్చుననుట నిజమే. కాని దింపుకొను సర్వరు మూతపడిననాడు ఆ తాళపుచెవికి తాళమేది? ఇంటిలో నెక్కించుకొనుటకు పనికివచ్చు బ్లూ-రే డిస్కుల తయారీని సైతము సోనీ 2025 ఫిబ్రవరితో ముగించినది.

వర్తకుల పక్షమున చెప్పదగినదియు కొంత గలదు. సర్వరు నడుపుటకు ప్రతిమాసము వ్యయమగును. ఆడువారు పదిమందియే మిగిలిన క్రీడకొఱకు దీపము వెలిగించి కూర్చుండుడని యెవ్వరును శాసింపరాదు. దుకాణమునకు పోకయే నిమిషములలో క్రీడను దింపుకొనుట సౌకర్యమే. డిస్కులును గీతలుపడి చెడిపోవునవే. ఇవియన్నియు మేమంగీకరింతుము. కాని ఎల్లకాలము సర్వరు నడుపుడని యెవరు కోరినారు? దుకాణము కట్టివేయునపుడు, అమ్మిన సరకును పరాధీనము గాక పనిచేయు స్థితిలో విడిచిపొండనియే కోరుచున్నారు. ఇది యసాధ్యము కాదు. అదే యూబీసాఫ్ట్ సంస్థ, ప్రజల నిరసన పిమ్మట, ఆ వరుసలోని తరువాతి రెండు క్రీడలను సర్వరుతో పనిలేక ఆడుకొను వీలు కల్పింతుమని 2024 సెప్టెంబరులో ప్రకటించినది. నిరసన పిమ్మట సాధ్యమైనది నిరసనకు ముందును సాధ్యమే.

ఇది ఆటలాడు పిల్లల గోడు మాత్రమేయని పెద్దలు పెదవి విఱువరాదు. ఒక కాలపు కళ నిలుచుట, దాని ప్రతులు పలువురి చేతులలో నుండుటవలననే. బి.బి.సి. వారు తమ "డాక్టర్ హూ" నాటకపు పాత టేపులను 1960, 1970 ప్రాంతముల చెఱిపివేసిరి. అయినను పోయిన భాగములన్నింటి ధ్వని నేటికిని మిగిలియున్నది. ఏలయన ఇంటిలో కూర్చుండి వినుచున్న సామాన్యులు తమ టేపులపై దానిని పట్టియుంచినారు. 2013లో తొమ్మిది భాగముల చిత్రము నైజీరియాలోని ఒక టెలివిజను కేంద్రమున దొరకినట్లు ప్రకటించిరి. యజమాని పారవేసినదానిని ఇతరుల యల్మరలు కాపాడినవి. రఘుపతి ప్రకాశ్ తీసిన మూకీ "భీష్మప్రతిజ్ఞ"కు అట్టి యదృష్టము లేకపోయినది. ఆ చిత్రమును నేటి తెలుగువారు చూచు భాగ్యమే లేదు.

వీడియో క్రీడలకు ఆ నష్టము అప్పుడే మొదలైనది. అమెరికాలో 2010కి పూర్వము విడుదలైన క్రీడలలో నూటికి 87 విపణిలో దొరకుట లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చినది. అట్టివానిని పరిశోధకులకు దూరమునుండి చూపుటకు గ్రంథాలయములు అనుమతి కోరగా, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైటు కార్యాలయము నిరాకరించినది. విపణిలో దొరకదు, గ్రంథాలయము దూరమునున్న వానికి ఈయరాదు. ఇక దానిని చదువగోరువాడు ఎక్కడికి పోవలెను? 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘమును స్థాపించుకొన్న జాతికి ఈ ప్రశ్నయొక్క బరువు వేఱుగ చెప్పనక్కఱలేదు. దాతలు కొన్న పుస్తకమును దానమీయ వీలుండెను గనుకనే మన పఠనమందిరములు వెలసినవి.

లోకము కన్ను తెఱచుచున్నది. కాలిఫోర్నియా రాష్ట్రమున 2024లో ఆమోదింపబడిన చట్టము ప్రకారము, ఇచ్చునది లైసెన్సు మాత్రమేయైనచో ఆ సంగతి స్పష్టముగ తెలుపక "కొనుడు" అను మాటను వాడరాదు. అమ్మిన క్రీడలను చంపరాదని యూరపులో పౌరులు సమర్పించిన వినతిపై 2025 జూలై నాటికి పదిలక్షలకు మించిన సంతకములు పడినవి. మనకును 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టమున్నది. మోసపు ప్రకటనలను అది నిషేధించుచున్నది. "కొనుడు" అని పిలిచి అద్దెకిచ్చుట మోసపు ప్రకటన యగునో కాదో ప్రభుత్వమువారు తేల్చి చెప్పవలెను.

మేము కోరునది మూడు మాటలు. అద్దెకిచ్చునది అద్దెయని చెప్పవలెను. అమ్మినదానిని తిరిగి తీసికొనినచో వెలను తిరిగి యీయవలెను. సర్వరును నిలుపుదినమున క్రీడ స్వతంత్రముగ నడచు ఏర్పాటు చేయవలెను. ఇందులో ఏ వర్తకుని ధర్మలాభమునకును హాని లేదు. ఈ లోపల పాఠకులు చేయదగిన పనియు గలదు. బొత్తాము నొక్కుటకు ముందు ఆ సన్నని యక్షరములను చదువుడు. డిస్కు దొరకునపుడు డిస్కునే కొనుడు. చూచి ముగించిన పిదప దానిని పొరుగువానికో, ఊరి గ్రంథాలయమునకో యీయుడు. అట్లీయగలిగినంత కాలమే అది మీది.