తెలుపు పెరిగితే చూపు పెరగదు

దేశమంతటా 1.34 కోట్ల వీధి దీపాలను ఎల్ఈడీలుగా మార్చామని కేంద్రం 2025 జనవరిలో ప్రకటించింది. కరెంటు ఆదా నిజమే. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వీధులు చూసిన ఈ మార్పును ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ ఆదా చాటున మరో మాటను జనానికి అంటగడుతున్నారు: వెలుగు ఎంత తెల్లగా ఉంటే రాత్రిపూట రోడ్డు అంత బాగా కనిపిస్తుందట. ప్రాణాలతో ముడిపడిన విషయంలో ఈ అర్ధసత్యాన్ని సహించలేం.

దీనికి ఆధారంగా కంటి నిర్మాణాన్నే చూపుతున్నారు. చీకట్లో పనిచేసే దండకణాలు 507 నానోమీటర్ల కాంతికి, పగటి చూపునిచ్చే శంకుకణాలు 555 నానోమీటర్ల కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి. అందువల్ల నీలం పాలు ఎక్కువున్న ఎల్ఈడీకి దండకణాల లెక్కలో పాత పసుపు సోడియం దీపం కన్నా సుమారు మూడు రెట్ల విలువ వస్తుంది. అమ్మేవారు ఈ అంకె చూపించి మిగతాది దాచేస్తారు. దీపాలున్న రోడ్డు కటిక చీకటి కాదు, అక్కడ పెత్తనం శంకుకణాలదే. అంతర్జాతీయ ప్రకాశ కమిషన్ 2010లో ఇచ్చిన పద్ధతిలో లెక్కగట్టినా, చదరపు మీటరుకు ఒక క్యాండెలా వెలుగుండే ప్రధాన రహదారిపై నీలం పాలు ఎక్కువున్న చల్లని తెలుపుకు కలిసొచ్చేది పది శాతం లోపే. అదీ చూపు అంచులకే. డ్రైవరు సూటిగా చూసేది రెటీనా నడిమధ్యతో, అక్కడ దండకణాలే లేవు. అందుకే అమెరికాలోని ఇల్యూమినేటింగ్ ఇంజనీరింగ్ సొసైటీ తన 2014 ప్రమాణంలో ఈ లెక్కను గంటకు సుమారు 40 కిలోమీటర్ల లోపు వేగముండే వీధులకే పరిమితం చేసింది. అదే అంకెను హైవేలకూ ఫ్లైఓవర్లకూ వర్తింపజేయడం జనాన్ని మభ్యపెట్టడమే.

పసుపు సోడియం వెలుగులో రంగులు పోల్చుకోలేమన్నది నిజం. దానికి 3000 కెల్విన్ల వెచ్చని ఎల్ఈడీ చాలు (కెల్విన్ల అంకె పెరిగేకొద్దీ వెలుగులో నీలం పాలు పెరుగుతుంది). కరెంటు కాస్త ఎక్కువ పడుతుందన్న అభ్యంతరం ఏటేటా బలహీనపడుతోంది. కొత్త దీపం వెలుగును రోడ్డంతా సమంగా పరిచే మేలును కూడా రంగు ఖాతాలో వేయడం మరో మోసం. నీలం పెరిగేకొద్దీ కళ్లకు మిరుమిట్లు ఎక్కువ. కంటి కటకం మసకబారిన పెద్దవయసువారికి ఆ బాధ రెట్టింపు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లోనే 3000 కెల్విన్లు మించొద్దని, వెలుగు కళ్లలో పడకుండా దీపాలకు కప్పు ఉండాలని సూచించింది. మన మునిసిపల్ టెండర్లలో ఈ రెండు షరతులూ తప్పనిసరి చేయాలి. దీపాలు బిగించాక రోడ్డు మీద వెలుగును కొలిచి, ఆ వివరాలు జనం ముందు పెట్టాకే గుత్తేదారుకు బిల్లు చెల్లించాలి.